లోపలి సాక్షి

రీజినల్ మేనేజరు మోకాలి మీద ఒక వాన చుక్క పడింది.

ఆయన ఆ రోజు ప్రజల కష్టసుఖాలు తెలుసుకోవడానికి బస్సు ఎక్కి, తలుపు పక్క సీట్లో కూర్చున్నారు. పైకప్పు నుంచి కారిన నీళ్లు వెనక సీటులోని ముసలామె మీద పడ్డాయి. కిటికీలోంచి కొట్టిన జల్లు అవతలి వరసలో వాళ్లందరి మీదా పడింది. తలుపు సందులోంచి వచ్చిన చుక్క మాత్రం మేనేజరు గారి మీద పడింది. అందువల్ల సంస్థలో తలుపుల సమస్య ఒకటి ఉన్నట్టు తేలింది.

కొద్ది రోజులకే ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ద్వార జలనిరోధక మహోద్యమం. ప్రతి బస్సు తలుపు చుట్టూ రబ్బరు బీడింగు బిగించాలి. తలుపు వేశాక ఒక్క చుక్క కూడా లోపలికి రాకూడదు. కిటికీల గుండా, పైకప్పు గుండా వచ్చే చుక్కలు వేరే విభాగానివి కనక వాటి ప్రస్తావన ఇందులో లేదని రెండో పేరాలో స్పష్టం చేశారు.

కొత్తమెరక డిపోలో ఈ ఉత్తర్వు చదివాక మొదట తలుపుల కోసం వెతికారు. సగం బస్సులకు తలుపులు లేవు. ఉన్నవాటిని కండక్టర్లు ఎప్పుడో వెనక్కి మడిచి కిటికీ చువ్వలకు తాడుతో కట్టేశారు. తలుపు వేసి తియ్యడం ఆ రూట్లలో కుదరదు. వేసేదాకా జనం ఎక్కుతూనే ఉంటారు. కొన్ని ముడులు విప్పడానికి రాక తాళ్లు కోశారు. తలుపులు లేని బస్సులకు పాత ఇనుము కొట్టు నుంచి కొని తెచ్చారు. వాటిలో రెండింటి మీద ఆ డిపో పేరే ఉంది.

మొదటి బస్సును చూడడానికి సంస్థ ఛైర్మన్ స్వయంగా వస్తారని ఫోను వచ్చింది. డిపో మేనేజరు త్రిలోచనరావు దిబ్బవలస వెళ్లే బస్సును ఎంపిక చేశాడు. దానికి తలుపులు రెండూ, ప్రయాణికులదీ, డ్రైవరుదీ, ఉన్నాయి. వెనక అత్యవసర ద్వారం కూడా ఉండేది గానీ, టిక్కెట్టు లేనివాళ్లు దాని గుండా దిగిపోతున్నారని చాలాకాలం కిందట వెల్డింగు చేయించారు.

ఉత్తర్వు డిపోలోని రెండు విభాగాలకూ విడివిడిగా వెళ్లింది. బాడీ విభాగం వాళ్లు బస్సు ఫ్రేముకు బీడింగు వేశారు. మెయింటెనెన్సు విభాగం వాళ్లు తలుపు అంచుకు బీడింగు వేశారు. ఇద్దరూ పని పూర్తయిందని రిపోర్టు పంపారు. ఆ తర్వాత తలుపు వేసి చూస్తే పడలేదు. రెండు రబ్బర్లు ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి.

"ఒకటి పీకేస్తే సరిపోద్ది సార్," అన్నాడు ఫిట్టరు ఖాదర్ వలీ.

"ఏది పీకుతావయ్యా?" అన్నాడు త్రిలోచనరావు. "ఏది పీకినా ఒక విభాగం తప్పుడు రిపోర్టు ఇచ్చినట్టవుతుంది. రెండూ ఉంచి వేయించు."

"గట్టిగా నెడితే ఫ్రేము ఊడొచ్చేలాగుంది సార్. తుప్పట్టిపోయింది. పెయింటు పట్టుకుని నిలబడుంది."

"తుప్పు ఈ ఉత్తర్వులో లేదు."

ఖాదర్ వలీ జాకీ తేవడానికి వెళ్లాడు.

పరీక్ష జరపడానికి రీజినల్ ఆఫీసు నుంచి నాణ్యతా ధ్రువీకరణ అధికారి పరాంకుశం వచ్చాడు. తన వెంట లక్క, సంతకం చేసిన కాగితపు పట్టీలు, ఒక సంచీ నీలిమందు తెచ్చుకున్నాడు. ఫైరింజను కూడా పిలిపించాడు. డిపో షెడ్డులో సిబ్బందిని నిలబెట్టి పరీక్ష విధానం వివరించాడు.

"వెలుపల నిలిచిన అధికారికి లోపల పడిన చుక్క గోచరించదు. కావున లోపల ఒక సాక్షి ఉండవలెను. సదరు సాక్షి ద్వారమునకు అభిముఖముగా కూర్చుండి, చుక్క పడినచో పడినదని, పడనిచో పడలేదని వాంగ్మూలమీయవలెను. ద్వారమునకు ఒక సాక్షి. రెండు ద్వారములకు ఇద్దరు."

డ్రైవరు తలుపు దగ్గర సాక్షిగా డ్రైవరు రొంగలి ముత్యాలును పెట్టారు. అతను అప్పటికే తన సీటులో నిద్రపోతున్నాడు కనక ప్రత్యేకంగా చెప్పనక్కరలేకపోయింది. ప్రయాణికుల తలుపు దగ్గర ఒక కండక్టరు కావాలి. ఆ సమయంలో డిపోలో ఉన్న కండక్టరు చింతాడ దాలినాయుడు ఒక్కడే.

"నాను డూటీలో లేను బావూ," అన్నాడు దాలినాయుడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. "సెలవు కాయితం ఇచ్చీసి పోదారని వొచ్చినాను. మా పాపకి సంబంధం వోలు మజ్జానం వొస్తన్నారు."

ఆ సంగతి డిపోలో అందరికీ తెలుసు. పోయిన ఏడు ఒక సంబంధంవాళ్లు వచ్చినప్పుడు, రిలీవరు రాక దాలినాయుడు బస్సులోనే ఉండిపోయాడు. ఇంటి పెద్ద లేని చోట ఎవరితో మాట్లాడతామని వాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయారు. ఈసారి వస్తున్న అబ్బాయి, దాలినాయుడు కూతురు ఇందుమతి ఒకే రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తారు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఆ విషయం తెలియనట్టు రెండిళ్లవాళ్లూ మర్యాదగా నడుచుకుంటున్నారు. ఈసారి గనక ఇంటికి రాకపోతే ఇక డిపోలోనే కాపురం పెట్టుకొమ్మని భార్య గౌరమ్మ పొద్దున్నే చెప్పి పంపింది.

"ఎంతసేపయ్యా? నీళ్లు కొట్టడం, చూడడం, దిగడం," అన్నాడు త్రిలోచనరావు. "దగ్గరుండి నేను పంపిస్తాను."

దాలినాయుడు బస్సెక్కాడు. ఎనిమిది మంది తలుపును భుజాలతో నెట్టారు. ఖాదర్ వలీ జాకీ పెట్టి కింద నుంచి ఒత్తాడు. తలుపు పడింది. పడినప్పుడు వచ్చిన చప్పుడుకు ముత్యాలు అటు తిరిగి పడుకున్నాడు. డ్రైవరు తలుపు కూడా అలాగే వేశారు.

పరాంకుశం ఫైరింజను ట్యాంకులో నీలిమందు కలిపించాడు. తలుపు మీద కొట్టిన నీళ్లకూ మామూలు వానకూ తేడా తెలియడానికి ఆ ఏర్పాటు. ఫైరుమన్ గొట్టం తిప్పాడు. నీళ్లు తలుపుకు తగిలాయి. చిమ్మి, అద్దాలు లేని కిటికీల గుండా లోపలికి వెళ్లాయి. కాసేపటికి బస్సు నేల మీంచి నీలం నీళ్లు వెనక్కి పారడం బయటికి కనిపించింది.

నీళ్లు ఆపాక పరాంకుశం కిటికీ దగ్గరికి వెళ్లాడు. దాలినాయుడు జుట్టు, మొహం, చొక్కా నీలంగా ఉన్నాయి.

"సాక్షీ, నీరు లోనికి ప్రవేశించినదా?"

"సూస్తన్నారు కదండీ!"

"ద్వారము గుండా ప్రవేశించినదా?"

"కిటికీలోంచి వొచ్చినాదండి. తలుపులోంచి రానేదు."

"ద్వారము గుండా లేదు. ఉత్తీర్ణము," అన్నాడు పరాంకుశం.

సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఆయన తలుపుకూ ఫ్రేముకూ కలిపి కాగితపు పట్టీ అంటించి, రెండు చివరలా లక్క పోసి ముద్ర వేశాడు. రెండో తలుపుకూ అలాగే వేశాడు. జేబురుమాలుతో చేతులు తుడుచుకోబోయి, దాన్ని బయటికి తియ్యడం మరచిపోయి ప్యాంటుకే తుడుచుకున్నాడు.

"ఇహ నన్ను దింపీయండి బావూ," అన్నాడు దాలినాయుడు. "తానం సెయ్యాల."

పరాంకుశం అతని వైపు చూశాడు. తర్వాత పట్టీ వైపు చూశాడు.

"ద్వారము తెరిచినచో ముద్ర తెగును. ముద్ర తెగినచో ధ్రువీకరణ రద్దగును. ఛైర్మన్ గారు చూచువరకు ధ్రువీకరణ అమలులో ఉండవలెను."

"ఆరెప్పుడొస్తారు?"

"రేపు. లేదా ఎల్లుండి. పర్యటన ఖరారు కావలసి ఉన్నది."

దాలినాయుడు చువ్వలు పట్టుకుని త్రిలోచనరావును పిలిచాడు. దగ్గరుండి పంపిస్తానన్న త్రిలోచనరావు దగ్గరే ఉన్నాడు.

"సార్, ఈయనేటి సెప్తన్నాడో ఇన్నారా?"

"విన్నాను నాయుడూ. టిఫిన్ పంపిస్తాను. కిటికీలోంచి ఇడ్లీ పడుతుంది. దోసె అయితే మడిచి ఇవ్వాలి."

"నాను దోసి అడిగినానా! మా పాప సంబంధం సార్!"

"అత్యవసర ద్వారం ఉంది కదండీ, కోసేద్దామా?" అన్నాడు ఖాదర్ వలీ.

పరాంకుశం ఆలోచించాడు. "అది ద్వారమైనచో దానికి కూడా బీడింగు వేసి పరీక్షించి ఉండవలెను. అట్లు చేయలేదు గనుక ఈ ధ్రువీకరణే చెల్లదు. అది ద్వారము కానిచో దాని గుండా మనిషి దిగరాదు. ఈ రెండింటిలో అది ద్వారము కాకపోవుటయే సంస్థకు శ్రేయస్కరము."

ఈలోగా దాలినాయుడు ఫోను మోగింది. గొంతు గౌరమ్మది. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినిపించింది.

"ఏటయ్యా, ఎక్కడున్నావు? సంబంధం వోలు వొచ్చీసినారు!"

"బస్సులో ఉన్నానే."

"బయల్దేరినాదా?"

"నేదు."

"మరి దిగి ఆటో ఎక్కు!"

"దిగకూడదంట."

గౌరమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. ఆ మాటలు బయటికి వినిపించలేదు గానీ, దాలినాయుడు చెవి దగ్గర్నుంచి ఫోను దూరంగా పెట్టుకున్నాడు.

అధికారులు టీ తాగడానికి ఆఫీసు గదిలోకి వెళ్లారు. ఖాదర్ వలీ జాకీ తీసి మూల పెట్టాడు. దాలినాయుడు సీట్ల మధ్య రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. తలుపు వైపు చూశాడు, డ్రైవరు సీటు వైపు చూశాడు. బస్సు కదలకూడదని ఎవరూ అనలేదని అప్పుడు అతనికి తట్టింది.

అలవాటుగా మెడలో వేసుకొచ్చిన విజిల్ తీసి ఊదాడు.

"రైట్, రైట్!"

ముత్యాలు కళ్లు తెరవక ముందే తాళం తిప్పాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాట వింటే అతని చెయ్యి చేసే పని అదే. బస్సు షెడ్డులోంచి కదిలింది. గేటు దగ్గర వాచ్‌మన్ బయటికి వెళ్లే బస్సును చూసి, బయటికి వెళ్లే బస్సుకు తీసినట్టే గేటు తీశాడు.

బజారులో రెండు స్టాపుల్లో జనం చెయ్యెత్తారు. బస్సు ఆగలేదు. దాలినాయుడు కిటికీలోంచి, "ఎనకాల ఇంకోటొస్తన్నాది!" అని అరిచాడు. బస్సు ఖాళీగా ఉండి కూడా ఆగకపోవడం వాళ్లకు వింతగా అనిపించలేదు. ఒకతను మాత్రం, "ఏటి గురూ, కండక్టరు నీలంగా ఉన్నాడు," అని పక్కనున్న అతన్ని అడిగాడు. "కొత్త యూనిఫారమేమో," అన్నాడు పక్కనతను.

దాలినాయుడు ఇల్లు రైలుగేటు అవతలి వీధిలో ఉంది. ముత్యాలుకు దారి చెబుతూ బస్సును అక్కడికే తీసుకెళ్లాడు. బస్సు ఆగేసరికి సన్నగా వాన మొదలైంది. పెళ్లివారు చెప్పులు తొడుక్కుంటున్నారు. అబ్బాయి తండ్రి పొట్నూరు జోగారావు కర్రల అడితిలో గుమస్తా. పద్ధతులు పాటించే మనిషి. గుమ్మంలో నిలబడి రమ్మనే ఇంటి పెద్ద లేకపోతే ఆ గుమ్మం దాటకూడదని ఆయన నమ్మకం. అంతసేపూ అరుగు మీదే కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"బావగారూ! వొచ్చీసినాను!" అన్నాడు దాలినాయుడు కిటికీలోంచి.

జోగారావు గొడుగు పక్కకు వంచి పైకి చూశాడు. చువ్వల వెనక నీలం మొహం కనిపించింది.

"తవరేనా దాలినాయుడు గారు?"

"నానేనండి. కూకోండి. ఎల్లిపోకండి."

"దిగండి మరి. కూకుంటాం."

"దిగకూడదండి. దిగితే సర్టిఫికెట్టు పోతాదంట."

జోగారావు తన బావమరిది వైపు చూశాడు. బావమరిది బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "లక్క పెట్టి సీలేసినారు బావా. ఏటి తప్పు సేసినాడో," అన్నాడు.

"తప్పేటీ సెయ్యనేదండి! బీడింగు పరీచ్చకి కూకోబెట్టినారు!"

"మా ఆయన మంచోడేనండి," అంది గౌరమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వీధిలోకి వస్తూ. "ఇయాల పొద్దుట ఎల్లినప్పుడు మామూలు రంగులోనే ఉన్నాడు." తర్వాత కిటికీ వైపు తిరిగింది. "నీకా ఇస్త్రీ సొక్కా ఎందుకేసి పంపినానో!"

దాలినాయుడు చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపాడు. "సెయ్యి ఇదుగో బావగారూ. మాటిచ్చీస్తాను. తాంబూలం కూడా ఇలగే అందిస్తే తీసుకుంటాను."

గౌరమ్మ పళ్లెం ఎత్తి చూసింది. చువ్వల మధ్య పట్టలేదు. తమలపాకులు ఒక్కొక్కటీ అందించబోయింది. జోగారావు వద్దని తల ఊపాడు.

"కోపగించుకోకండి. కిటికీలోంచి టిక్కెట్టిస్తారు గానీ, పిల్లనిస్తారేటండి? రేపు మా వోలు అడిగితే ఏటి సెప్పాల? పిల్ల తండ్రి బస్సు దిగనేదని సెప్పాలా? నాలుగు నిమిసాలు సూస్తాను. దిగితే దిగండి. నేకపోతే మేం ఎల్లొస్తాం."

అబ్బాయి తల దించుకుని తన చెప్పుల వైపు చూస్తున్నాడు. ఇందుమతి తల్లి వెనక నుంచి వచ్చి కిటికీ కింద నిలబడింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుంది.

"నాన్నా, సీలు తెంపితే నిన్ను సస్పెండ్ చేస్తారా?"

"సేస్తారమ్మా."

"అయితే ఉండిపో. నేనే వీళ్లకి ఏదోటి చెప్తాను."

"ఏటి సెప్తావు?"

ఇందుమతి ఒకసారి అబ్బాయి వైపు చూడడం దాలినాయుడు పైనుంచి చూశాడు. పోయిన ఏడు వచ్చినవాళ్లు వెళ్లిపోయినప్పుడు ఆమె ఎవరి వైపూ చూడలేదని గౌరమ్మ చెప్పింది.

"ముత్యాలూ, బ్రేకు గట్టిగా తొక్కి పట్టు," అన్నాడు దాలినాయుడు. "అమ్మా, నువ్వు పక్కకి తప్పుకో. బావగారూ, మీరూని."

తలుపుకు ఎదురుగా ఉన్న సీటులో కూర్చుని వీపు ఆనించాడు. రెండు కాళ్లూ ఎత్తి తలుపు మీద తన్నాడు. తలుపు కదలలేదు. రెండోసారి తన్నాడు. ఎక్కడో పెయింటు పెళ్లలు రాలాయి. మూడోసారి తన్నినప్పుడు తలుపు తెరుచుకోలేదు. తలుపు, రెండు బీడింగులు, ఫ్రేము, ఫ్రేముకు అంటిన బస్సు రేకు, అన్నీ కలిసి ఒక్క ముక్కగా ఊడి వీధిలో వెల్లకిలా పడ్డాయి.

దాలినాయుడు దాని మీద అడుగు పెట్టి కిందికి దిగాడు. గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

"రండి బావగారూ. లోపలికి రండి."

జోగారావు వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు. వదిలాక తన అరచెయ్యి చూసుకున్నాడు. నీలంగా ఉంది. "పోదేటండి ఇది?" అని అడిగాడు. "పెళ్లినాటికి పోతాదిలెండి," అన్నాడు దాలినాయుడు. అలా ఆ మాట ఖాయమైంది.

లోపల జీడిపప్పు పాకం పంచుతుండగా డిపో జీపు వచ్చి ఆగింది. దాని తలుపులకు బీడింగు ఇంకా వెయ్యలేదు. త్రిలోచనరావు, పరాంకుశం తడిసి ఉన్నారు.

"నాయుడూ! ఎంత పని చేశావయ్యా! సస్పెన్షన్ కాదు, డిస్మిస్సే!" అన్నాడు త్రిలోచనరావు.

"సెయ్యండి సార్," అన్నాడు దాలినాయుడు. "పాకం తినీసి సెయ్యండి."

ఎవరు కదలమంటే బస్సు కదిలిందని త్రిలోచనరావు ముత్యాలును అడిగాడు. "రైట్ అన్నాడండి. రైటంటే ఎల్లాల కదండీ," అన్నాడు ముత్యాలు.

పరాంకుశం ఈ మాటలేవీ వినడం లేదు. వీధిలో మోకాళ్ల మీద కూర్చుని తలుపును చూస్తున్నాడు. పట్టీ మీద వేలు పెట్టి ఒక చివర నుంచి మరో చివరకు జరిపాడు. లక్క పగల్లేదు. సంతకం చెదరలేదు. బీడింగుకూ బీడింగుకూ మధ్య గోరు దూర్చి చూశాడు. గోరు దూరలేదు. లేచి నిలబడ్డాడు.

"ద్వారము తెరువబడలేదు," అన్నాడు. "బస్సు ద్వారము నుండి వేరుపడినది."

"అంటే?" అన్నాడు త్రిలోచనరావు.

"ధ్రువీకరణ అమలులోనే ఉన్నది. బస్సు విషయము బాడీ విభాగము వారు చూచుకొందురు."

తలుపును ఎనిమిది మంది మోసి జీపు మీదికి ఎక్కించారు. దాన్ని డిపో ఆవరణలో షామియానా కింద నిలబెట్టారు. మూడు రోజుల తర్వాత ఛైర్మన్ వచ్చారు. తలుపుకు ఒక వైపున నీళ్లు కొట్టించి, రెండో వైపున చెయ్యి పెట్టి చూశారు. చెయ్యి తడవలేదు. తన ఉద్యోగ జీవితంలో ఇంతటి తలుపును చూడలేదని చెప్పి దండ వేశారు. బస్సును చూస్తారా అని ఎవరో అడిగారు. సమయం లేదన్నారు.

ఆ తర్వాత పరాంకుశం సిఫారసు మీద ఇంకో ఉత్తర్వు వచ్చింది. తలుపులు బస్సుకు ఉన్నంతకాలం ప్రయాణికులు వాటిని తెరిచే ప్రమాదం ఉంది. కనక బీడింగు వేసి ఉత్తీర్ణమైన తలుపులన్నింటినీ ఫ్రేములతో సహా కోసి గోడౌనులో భద్రపరచాలి. ఇప్పుడు కొత్తమెరక డిపోలో ఏ బస్సుకూ తలుపు లేదు. జనం మునుపటిలాగే ఎక్కుతున్నారు. వాన పడినప్పుడు అందరూ తడుస్తున్నారు. ద్వారం గుండా నీరు వచ్చిందన్న ఫిర్యాదు ఒక్కటీ లేదని రీజినల్ మేనేజరు సంస్థ సమావేశంలో చెప్పారు.

దాలినాయుడు కూతురి పెళ్లికి సెలవు అడిగాడు. అడిగిన సెలవు మీద రీజినల్ ఆఫీసు చాలా ఆలోచించింది. ప్రయాణికుల ద్వారం తెరువబడలేదని ఛైర్మన్ సమక్షంలో నిర్ణయమైంది. డ్రైవరు తలుపు, అత్యవసర ద్వారం కూడా తెరవలేదు. ద్వారమేదీ తెరవనప్పుడు లోపలి సాక్షి బయటికి వచ్చాడని ఒప్పుకుంటే ఆ నిర్ణయం తప్పవుతుంది. అందుకని చింతాడ దాలినాయుడు లోపలే విధి నిర్వహణలో ఉన్నాడని, విధిలో ఉన్నవాడికి సెలవు మంజూరు చేసే అవసరం తలెత్తదని జవాబు వచ్చింది. జీతం మాత్రం యథాతథంగా ఇస్తామన్నారు.

ముత్యాలు కూడా ఆ లెక్కన లోపలే ఉన్నాడు. అతను వెళ్లి తన సీటులో పడుకున్నాడు.

పెళ్లి ముందు రోజు దాలినాయుడు ఆ జవాబు తెచ్చి గౌరమ్మకు చదివి వినిపించాడు. ఆమె పందిట్లో కూరలు తరుగుతోంది. చెవి దగ్గర ఇంకా నీలం మిగిలి ఉన్న మొగుడి వైపు ఒకసారి చూసింది.

"అయితే నువ్వా బస్సులోనే ఉన్నావన్నమాట."

"ఆఫీసోలు అలగే అంటన్నారు."

"మరి నా ఎదురుగా నిలబడ్డోడెవుడు?"

"ఏటో మరి."

"ఎవుడైతే నాకేటి," అంది గౌరమ్మ. "అరిటాకులు తెమ్మను."